బోరు నీటికి ఆమ్లము ఎంత కలుపవలెను? – లెక్క వేయు పద్ధతి

అనంతపురము, కడప జిల్లాల చీనీ తోటలలోను, నల్లగొండ బత్తాయి తోటలలోను బోరు నీటితో డ్రిప్పు పెట్టిన రైతులు తరచుగ రెండు ఫిర్యాదులు చేయుచుందురు. ఒకటి, పైపులలో తెల్లని సున్నపు పొర కట్టి డ్రిప్పర్లు మూసికొనిపోవుట. రెండవది, మందు సరిగా కొలిచి చల్లినను పని చేయకపోవుట. ఈ రెండింటికిని ఇతర కారణములు ఉండవచ్చును గాని, అనేక తావులలో మూలము ఒక్కటే. అది నీటిలోని బైకార్బొనేటు. దీనికి విరుగుడుగా నీటిలో ఆమ్లము కలుపుట నేడు వాడుకలోనికి వచ్చినది. అయితే ఎంత కలుపవలెనను ప్రశ్నకు చాలమంది అందాజుగా సమాధానము చెప్పుకొనుచున్నారు. తక్కువైనచో ఖర్చు వృథా. ఎక్కువైనచో వేరులకు, ఆకులకు, మోటారుకు హాని. కూడిక, గుణకారము వచ్చిన ప్రతి రైతును ఈ లెక్కను స్వయముగా వేసికొనవచ్చును. ఆ పద్ధతిని ఇచ్చట వివరింతును.

ఉదజని సూచిక ఒక్కటే చాలదు

నీటి పులుపును, క్షార గుణమును తెలుపు అంకెను ఉదజని సూచిక లేక పి.హెచ్. అందురు. ఇది 7 అయినచో తటస్థము, అంతకు తక్కువైనచో ఆమ్లము, ఎక్కువైనచో క్షారము. డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు సోరెన్సెన్ 1909లో దీనిని ప్రవేశపెట్టెను. ఒక అంకె తగ్గినచో ఉదజని పది రెట్లు పెరిగినదని అర్థము.

బావిలో నీటి మట్టము చూచినంత మాత్రమున ఎన్ని ఎకరములు తడియునో చెప్పలేము. బావి వెడల్పు కూడ తెలియవలెను. పి.హెచ్. మట్టము వంటిది. బైకార్బొనేటు వెడల్పు వంటిది. రెండు బోర్ల నీరును 8.2 చూపవచ్చును. ఒకదానిలో లీటరుకు 2 మిల్లీ ఈక్వివలెంట్లు, రెండవదానిలో 6 మిల్లీ ఈక్వివలెంట్లు బైకార్బొనేటు ఉన్నచో, రెండవదానికి మూడు రెట్ల ఆమ్లము పట్టును. కావున నీటి పరీక్షా కేంద్రము ఇచ్చిన కాగితములో పి.హెచ్. అంకెతో ఆగక, బైకార్బొనేటు అంకెను కూడ చూడుడు. అది మిల్లీగ్రాములలో ఉన్నచో 61చే భాగించిన మిల్లీ ఈక్వివలెంట్లు వచ్చును. లీటరుకు 366 మిల్లీగ్రాములు అనగా 6 మిల్లీ ఈక్వివలెంట్లు. అనగా వెయ్యి లీటర్ల నీటిలో 6 ఈక్వివలెంట్లు. ఈ వ్యాసములోని లెక్కలన్నియు ఇట్టి నీటికే, వెయ్యి లీటర్లకే వేయుచున్నాము.

ఆమ్లములు మెట్లు మెట్లుగా విడుచును

ఆమ్లము అనగా ఉదజనిని విడుచు పదార్థము. ఉప్పు ఆమ్లము ఒక్కొక్క అణువుకు ఒక ఉదజనిని మాత్రమే విడుచును. కాని మనకు కావలసిన ఆమ్లములలో పెక్కింటికి రెండు, మూడు ఉదజనులు గలవు. అవి అన్నియు ఒక్కసారిగా విడువబడవు. మొదటిది సులభముగా, రెండవది కష్టముగా, మూడవది మరింత కష్టముగా విడువబడును. ప్రతి మెట్టుకును ఒక అంకె గలదు. నీటి పి.హెచ్. సరిగా ఆ అంకె వద్ద ఉన్నప్పుడు ఆ మెట్టులోని ఉదజని సగము విడువబడి, సగము మిగిలియుండును. ప్రయోగశాలలో దీనిని పి.కె. అందురు. మనము సగపాటు అంకె అని పిలుచుకొందము.

మనకు పనికివచ్చు సగపాటు అంకెలు ఇవి:

కర్బనామ్లము: 6.35, 10.33
ఫాస్ఫారిక్ ఆమ్లము: 2.15, 7.20, 12.35
సిట్రిక్ ఆమ్లము, అనగా అంగళ్లలో దొరకు నిమ్మ ఉప్పు: 3.13, 4.76, 6.40
గంధకామ్లము: మొదటి మెట్టు పూర్తిగా విడుచును, రెండవది 2.0

సగపాటు అంకెకు దగ్గరగా ఉన్నప్పుడు ద్రావణము ఆమ్లమునుగాని క్షారమునుగాని కొంత కలిపినను తన పి.హెచ్.ను అంత సులభముగా మార్చుకొనదు. ఇట్టి ద్రావణమునే బఫరు అందురు. బోరు నీరు స్వయముగా ఒక బఫరు. భూమిలోని బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి కర్బనామ్లమై, సున్నపురాతిని కరిగించుటచే బైకార్బొనేటు ఏర్పడును. మనము పోయు ఆమ్లము ఆ బైకార్బొనేటును తిరిగి కర్బనామ్లముగా మార్చును.

వంతుల పట్టిక

ద్రావణము పి.హెచ్.కు, సగపాటు అంకెకు గల సంబంధమును అమెరికా శాస్త్రజ్ఞుడు హెండర్సన్ 1908లో గుర్తించెను. డెన్మార్కుకు చెందిన హాసెల్‌బాల్ఖ్ 1916లో దానిని లాగరిథముల రూపములో వ్రాసెను. ఆయన దానిని రక్తములోని కర్బనామ్లము కొరకు వ్రాసెను. మన బోరు నీటిలోనిదియు ఆ కర్బనామ్లమే. సూత్రము ఇది:

పి.హెచ్. = సగపాటు అంకె + లాగరిథము (ఉదజనిని విడిచిన భాగము ÷ విడువని భాగము)

లాగరిథముల పుస్తకము లేనివారు ఈ క్రింది పట్టికను వాడుకొనవచ్చును. కావలసిన పి.హెచ్. నుండి సగపాటు అంకెను తీసివేయుడు. ఆ తేడాకు ఎదురుగా నూటికి ఎన్ని వంతులు ఉదజనిని విడిచియుండునో చూడుడు.

తేడా 0: 50 వంతులు
తేడా 0.1: 56
తేడా 0.2: 61
తేడా 0.3: 67
తేడా 0.4: 72
తేడా 0.5: 76
తేడా 0.7: 83
తేడా 1.0: 91
తేడా 1.2: 94
తేడా 1.5: 97
తేడా 2.0: 99

కావలసిన పి.హెచ్. సగపాటు అంకె కంటె తక్కువైనచో తేడా ఋణసంఖ్య అగును. అప్పుడు పట్టికలోని వంతులను 100 నుండి తీసివేయవలెను. ఉదాహరణకు తేడా ఋణము 0.7 అయినచో 100 – 83 = 17 వంతులు.

తేడా 2 దాటినచో ఆ మెట్టు పూర్తిగా విడిచినదనియు, ఋణము 2 దాటినచో అసలు విడువలేదనియు భావింపవచ్చును. అందుచే ఎన్ని మెట్లున్న ఆమ్లమైనను, నిజముగా లెక్క వేయవలసినది సాధారణముగా ఒక మెట్టునకే, అరుదుగా రెండింటికి. ఎక్కువ ఉదజనులు గల ఆమ్లముల లెక్క చూచుటకు జటిలముగా తోచినను తేలిక కావడమునకు ఇదియే కారణము.

మొదటి లెక్క: నీటికి ఎంత పట్టును?

మన నీరు పి.హెచ్. 8.2, బైకార్బొనేటు 6 ఈక్వివలెంట్లు. దీనిని 6.5కు దించవలెను.

మొదట ప్రస్తుత స్థితి చూతము. కర్బనామ్లపు మొదటి మెట్టు 6.35. తేడా 1.85. పట్టిక ప్రకారము నూటికి 98 వంతులకు పైగా మొదటి ఉదజనిని విడిచి బైకార్బొనేటుగా ఉన్నది. రెండవ మెట్టు 10.33. తేడా ఋణము 2.13. కావున రెండవ మెట్టు లేనట్లే లెక్క.

ఇప్పుడు 6.5 వద్ద చూతము. 6.5 – 6.35 = 0.15. ఇది 0.1కి, 0.2కి నడుమ ఉన్నది గనుక 59 వంతులు. అనగా 59 వంతులు బైకార్బొనేటుగానే నిలుచును, 41 వంతులు కర్బనామ్లముగా మారవలెను. మారుటకు ఒక్కొక్క వంతుకు ఒక ఉదజని కావలెను.

6 × 41 ÷ 100 = 2.46. అనగా వెయ్యి లీటర్లకు సుమారు 2.5 ఈక్వివలెంట్ల ఆమ్లము.

రెండవ లెక్క: ఆమ్లము ఎంత ఇచ్చును?

ఇచ్చటనే పొరపాట్లు ఎక్కువ. ఫాస్ఫారిక్ ఆమ్లములో మూడు ఉదజనులున్నవి గదాయని మూడింటిని లెక్కించరాదు. 6.5 వద్ద ఎన్ని విడువబడునో చూడవలెను.

మొదటి మెట్టు 2.15: పూర్తిగా విడిచినది, అనగా 1.
రెండవ మెట్టు 7.20: తేడా ఋణము 0.7. 17 వంతులు, అనగా 0.17.
మూడవ మెట్టు 12.35: ఏమియు లేదు.
మొత్తము 1.17.

85 శాతపు ఫాస్ఫారిక్ ఆమ్లము లీటరులో సుమారు 14.7 మోలులు గలవు. 2.5 ÷ 1.17 = 2.14 మోలులు. 2.14 ÷ 14.7 = 0.145 లీటరు. అనగా వెయ్యి లీటర్లకు 145 మిల్లీలీటర్లు.

ఈ విషయములో నేను చేసిన తప్పును చెప్పుట మంచిది. అధ్యాపకునిగా చేరిన కొత్తలో ఒక రైతు తోటలో ఇట్టి నీటికే మూడు ఉదజనుల లెక్క వేసి వెయ్యి లీటర్లకు 57 మిల్లీలీటర్లు చాలునని చెప్పితిని. కలిపి చూడగా మీటరు 7.0 వద్దనే ఆగినది. ఆయనయు నేనును ఆమ్లము కల్తీదని దుకాణదారుని అనుమానించితిమి. ఇంటికి వచ్చి మెట్ల ప్రకారము లెక్క చూచుకొనగా, ఆ కొలతకు 7.0 రావలసినదేనని తేలినది. తప్పు దుకాణములో లేదు, నా కాగితము మీద ఉన్నది. ఆ రైతు మరుసటి సంతకు వెళ్లి దుకాణదారునితో తగవు పడకమునుపే ఆ మాట చెప్పగలిగితిని.

నిమ్మ ఉప్పుకు అదే పద్ధతి. 6.5 వద్ద మొదటి మెట్టు పూర్తిగా 1. రెండవ మెట్టు 4.76, తేడా 1.74, కావున 0.98. మూడవ మెట్టు 6.40, తేడా 0.1, కావున 0.56. మొత్తము 2.54. 2.5 ÷ 2.54 = 0.98 మోలు. స్ఫటికములలో నీరు గల నిమ్మ ఉప్పు మోలుకు 210 గ్రాములు గనుక వెయ్యి లీటర్లకు సుమారు 206 గ్రాములు. మందు చల్లు 200 లీటర్ల డ్రమ్ముకు 41 గ్రాములు.

గంధకామ్లము 6.5 వద్ద రెండు ఉదజనులను పూర్తిగా ఇచ్చును. 98 శాతపు గాఢ ఆమ్లము లీటరులో సుమారు 36.8 ఈక్వివలెంట్లు గలవు. 2.5 ÷ 36.8 = 0.068 లీటరు, అనగా 68 మిల్లీలీటర్లు.

ఏది ఎప్పుడు వాడవలెను?

ఫాస్ఫారిక్ ఆమ్లము ఎరువు కూడ. పై లెక్క ప్రకారము వెయ్యి లీటర్ల నీటితో సుమారు 150 గ్రాముల భాస్వరపు పోషకము, పి₂ఓ₅ రూపములో, భూమికి చేరును. రోజుకు 20 వేల లీటర్లు పారించినచో 3 కిలోలు. పది తడులకు 30 కిలోలు. కావున ప్రతి తడికిని దీనిని వాడుట తగదు. వాడినంత మేరకు వేయవలసిన భాస్వరపు ఎరువును తగ్గించుకొనవలెను. పైగా నీటిలో సున్నము హెచ్చుగా ఉన్నచో భాస్వరము దానితో కలసి తెల్లని మడ్డిగా దిగి, పోగొట్టదలచిన అడ్డంకినే తిరిగి తెచ్చును. సీసాలో కలిపి ఒక రాత్రి నిలువ ఉంచి, అడుగున మడ్డి దిగినచో ఆ ఆమ్లమును ఆ నీటికి వాడవద్దు.

నిమ్మ ఉప్పు మందు డ్రమ్ములకు అనుకూలము. మలాథియాన్, కాప్టాన్ వంటి మందులు క్షార నీటిలో త్వరగా విచ్ఛిన్నమగును. అట్టి వానికి నీటిని ముందు సరిచేసి, తరువాత మందు కలిపి, వెంటనే చల్లవలెను. కాని రాగి మందులకు, ముఖ్యముగా బోర్డో మిశ్రమమునకు, ఆమ్లము కలుపరాదు. కలిపినచో రాగి అధికముగా కరిగి ఆకులు మాడిపోవును. కొన్ని కలుపు మందులు ఆమ్లపు నీటిలోనే చెడును. కావున డబ్బా మీది సూచన చదివిన పిదపనే పని మొదలుపెట్టుడు.

చివరి మెట్టు జారుడు మెట్టు

6 ఈక్వివలెంట్ల బైకార్బొనేటు గల నీటికి గంధకామ్లము వంటి బలమైన ఆమ్లము పోసినచో వెయ్యి లీటర్లకు పట్టు కొలత ఈ విధముగా ఉండును:

8.2 నుండి 7.0 వరకు: 1.1 ఈక్వివలెంట్లు
7.0 నుండి 6.0 వరకు: 3.0
6.0 నుండి 5.0 వరకు: 1.6
5.0 నుండి 4.0 వరకు: 0.3

ఈ నాలుగు అంకెలను జాగ్రత్తగా చూడుడు. సగపాటు అంకెయైన 6.35ను దాటునప్పుడు ఆమ్లము ఎక్కువ పట్టినది. దానిని దాటిన పిదప బైకార్బొనేటు దాదాపు అయిపోయినది. తట్టుకొను శక్తి నశించినది. 6.0 నుండి 5.0కు 1.6 పట్టినది గదాయని, మరియొక అంకె దించుటకు మరల 1.6 పోసినచో నీరు 4.0 వద్ద ఆగదు. 2.9కి పడిపోవును. అట్టి నీరు వేరులను కాల్చును, ఇనుప భాగములను తినివేయును. ఎంత పోసినను దిగుటలేదని విసిగి, చేయి వదలి పోయు రైతులు నష్టపోవునది ఈ తావుననే. దిగకుండుట బఫరు గుణము. ఒక్కసారిగా దిగుట ఆ బఫరు తీరిపోయిన గుర్తు. నిమ్మ ఉప్పునకు 4.76, 3.13 వద్ద కూడ మెట్లున్నందున అది ఇంత వేగముగా జారదు. చల్లు నీటికి దానిని మేలని చెప్పుటకు ఇదియొక కారణము.

మామూలు తడులకు 6.5 చాలును. మూసికొనిపోయిన డ్రిప్పర్లను శుభ్రపరచుటకు అంతకంటె తక్కువ పి.హెచ్. కావలసియుండును. అది వేరు పని. డ్రిప్పు సాంకేతిక సిబ్బంది సలహాతో చేయవలెను.

లెక్క తరువాత బకెట్టు పరీక్ష

లెక్క సరియైనదేనా యని సందేహించువారికి ఒక నిదర్శనము. పి.హెచ్. మీటరును సరిచూచుటకు ప్రయోగశాలలలో ఫాస్ఫేటు లవణములు రెండింటిని మోలుల లెక్కన సమపాళ్లలో కలిపిన బఫరును వాడుదురు. సమపాళ్లు గనుక మన సూత్రము ప్రకారము 7.20 రావలెను. కాని 25 డిగ్రీల వద్ద దాని పి.హెచ్. 6.86. ద్రావణములో లవణములు ఎక్కువైన కొలది అణువులు ఒకదానినొకటి ప్రభావితము చేయుటచే ఈ తేడా వచ్చును. బోరు నీటిలో లవణములు అంతకంటె తక్కువ గనుక తేడాయు తక్కువే, అయినను ఉండును. కావున లెక్క దారి చూపును, పరీక్ష నిర్ధారించును.

ప్లాస్టికు పాత్రలో 990 మిల్లీలీటర్ల నీరు పోసి, అందులో 10 మిల్లీలీటర్ల ఆమ్లమును మెల్లగా కలుపుడు. ఇది నూరు రెట్లు పలుచనైనది. బకెట్టులో 10 లీటర్ల బోరు నీటిని పట్టి, ఫాస్ఫారిక్ ఆమ్లమైనచో ఈ పలుచని ద్రావణమును 145 మిల్లీలీటర్లు, గంధకామ్లమైనచో 68 మిల్లీలీటర్లు కలిపి, వెంటనే మీటరుతోగాని రంగు కాగితముతోగాని చూడుడు. తేడా ఉన్నచో కొద్దికొద్దిగా సవరించి, ఆ కొలతను మీ నీటికి స్థిరపరచుకొనుడు. ఆమ్లము కలిపిన నీటిని తెరచిన తొట్టిలో నిలువ ఉంచినచో బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి పి.హెచ్. మరల పెరుగును. అందుచే డ్రిప్పునకు పైపులోనికి ఎక్కించునపుడే, చల్లుటకు మందు కలుపుటకు ముందే ఆమ్లము వేయవలెను. వర్షాకాలమునకు, వేసవికి బోరు నీటి గుణము మారవచ్చును గనుక రెండు కాలములలోను పరీక్ష చేయించుడు.

జాగ్రత్తలు

ఆమ్లమును నీటిలో పోయవలెనే గాని, నీటిని ఆమ్లములో ఎన్నడును పోయరాదు. గాఢ గంధకామ్లములో నీరు పడినచో ఉడికి ముఖము మీదికి చిమ్మును. రబ్బరు తొడుగులు, కళ్లద్దములు లేనిదే సీసా మూత తీయవద్దు. పిల్లలకు అందనీయరాదు. బ్లీచింగు పౌడరును, ఆమ్లమును ఒకేసారి పైపులోనికి ఎక్కించరాదు. విషపు క్లోరిన్ వాయువు వెలువడును. చర్మము మీద ఆమ్లము పడినచో ఆలస్యము చేయక ధారాళముగా నీటితో కడిగి వైద్యుని వద్దకు వెళ్లవలెను.

క్లుప్తముగా చెప్పవలెనన్న, పని నాలుగు అడుగులు. కాగితములో బైకార్బొనేటు అంకె చూడుడు. కావలసిన పి.హెచ్. వద్ద దానిలో ఎన్ని వంతులు మారవలెనో పట్టికలో చూడుడు. మీరు వాడు ఆమ్లము ఆ పి.హెచ్. వద్ద నిజముగా ఎన్ని ఉదజనులు ఇచ్చునో మెట్టు మెట్టుకు కూడుడు. మొదటి అంకెను రెండవదానిచే భాగించి, బకెట్టులో సరిచూచుకొనుడు. అర్ధగంట పట్టు ఈ లెక్క, ఏండ్ల తరబడి పెంచిన తోటను కాపాడును.